మెట్టు ఎక్కడికి పోతుంది?

నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండులో అనంతసాగరం, సోమశిల వైపు పోయే పల్లెవెలుగు బస్సు ఎక్కాలంటే మెట్లు ఎక్కాలి. అందులో మొదటిది మోకాలి దగ్గరికి వస్తుంది. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేతిలోని సంచి ముందు లోపల పెట్టి, ఒంటి బరువంతా ఒక్క కాలి మీదికి తెచ్చుకుంటేనే మనిషి పైకి లేస్తాడు. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలయ్యాక ఆడవాళ్ళకు పల్లెవెలుగులో టికెట్టు పోయింది గానీ మెట్టు పోలేదు. మోకాళ్ళు అరిగిన డెబ్భై ఏళ్ళ అవ్వను ఆసుపత్రికి పోనివ్వకుండా ఇప్పుడు ఆపుతున్నది ఛార్జీ కాదు, ఆ మొదటి మెట్టు ఎత్తు. ఈ ఎత్తు గురించి ప్రపంచంలో అందరికన్నా ఎక్కువగా తల బద్దలు కొట్టుకున్నవాళ్ళు, వీధుల్లో పట్టాల మీద నడిచే ట్రాములు తయారుచేసే ఇంజినీర్లు. మన జిల్లాలో ట్రాము పట్టాలు లేవు. అయినా నలభై ఏళ్ళుగా వాళ్ళు పడిన పాట్లు మనకు పనికొస్తాయి, ఎందుకంటే అవన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి. బండి ఎత్తును ఎవరూ మాయం చెయ్యలేరు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపగలరు, అంతే. ప్రయాణికుడి మోకాలి మీది నుంచి దించిన బరువును బండి పైకప్పో, చక్రం అంచో, వీధిలోని కాంక్రీటో మోయాలి. ఈ పంపకం సరిగ్గా కుదిరిన చోట, ఫ్లోరు నేలకు దగ్గరగా ఉండే లో-ఫ్లోర్ బండి పనిచేసింది. కుదరని చోట కోట్లు పెట్టి కొన్న బండి కూడా సగమే పనిచేసింది.

ముందు మోకాలి సంగతి. అరవై కిలోల మనిషి ఒక మీటరు పైకెక్కడానికి కావలసిన శక్తి సుమారు 590 జౌళ్ళు. కండరాలు వృథా చేసేది కలుపుకున్నా ఒక కిలో క్యాలరీ కూడా కాదు, పది మెతుకుల అన్నం చాలు. కాబట్టి ఇది శక్తికి సంబంధించిన కష్టం కాదు, కీలుకు సంబంధించిన కష్టం. బెర్లిన్‌లో పరిశోధకులు కృత్రిమ మోకాలి కీళ్ళలోనే కొలిచే పరికరాలు అమర్చి, అవి వేయించుకున్న రోగులను నడిపించి చూశారు. చదునుగా నడిచేటప్పుడు కీలు మీద పడే బలం ఒంటి బరువుకు రెండున్నర రెట్లు. మెట్లు ఎక్కేటప్పుడు మూడు రెట్లు దాటింది. దిగేటప్పుడు దాదాపు మూడున్నర రెట్లకు చేరింది. ఇవి ఇళ్ళలో ఉండే మామూలు మెట్ల లెక్కలు, బస్సు మొదటి మెట్టు వాటికన్నా ఎత్తు. ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ నొప్పి అని పెద్దవాళ్ళు అనేది ఊరికే కాదు. కాబట్టి ఎత్తును మూడు మెట్లుగా కోసినా, నాలుగుగా కోసినా మోకాలి మీది బరువు పూర్తిగా దిగదు. నేల మీద నడిచినట్టే బండిలోకి నడిచిపోగలిగినప్పుడే అది దిగుతుంది.

మరి బండిని మొదటినుంచీ కిందికే ఎందుకు కట్టలేదు? దానికి జవాబు ఇరుసులో ఉంది. మన ఎద్దుబండిలో ఇరుసు కదలదు. చక్రం దాని చుట్టూ తిరుగుతుంది, కడచీల దాన్ని ఊడిపోకుండా ఆపుతుంది. రైలుబండిలో అలా కాదు. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగిస్తారు, మూడూ కలిసి తిరుగుతాయి. పైగా ఆ చక్రాల అంచు చదునుగా ఉండదు, లోపలి వైపు కొంచెం లావు, బయటి వైపు కొంచెం సన్నం. రెండు స్టీలు గ్లాసులను మూతికి మూతి ఆనించి అతికించినట్టు ఊహించుకోండి. ఆ జంటను రెండు పట్టాల మీద దొర్లిస్తే, అది కుడికి జరిగినప్పుడు కుడి గ్లాసు లావు భాగం పట్టా మీదికి వస్తుంది. ఒక చుట్టుకు అది ఎడమదానికన్నా ఎక్కువ దూరం పోతుంది, దాంతో జంట మొత్తం ఎడమకు తిరిగి మధ్యకు చేరుతుంది. రైలుకు స్టీరింగు అక్కర్లేకపోవడానికి ఇదే కారణం. ఇరుసు తనంతట తానే దారి సర్దుకుంటుంది. రెండు చక్రాలూ కలిసి తిరిగితేనే ఇది సాధ్యం. అందుకే రైల్వేల పుట్టుక నుంచీ దాదాపు అందరూ ఆ ఇరుసునే నమ్ముకున్నారు.

కానీ ట్రాము ఫ్లోరుకు ఆ ఇరుసే అడ్డం. ట్రాము చక్రం వ్యాసం సుమారు 60 సెంటీమీటర్లు అనుకుంటే ఇరుసు నడిబొడ్డు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. దాని మందం, స్ప్రింగులు కదలడానికి చోటు, పక్కనే మోటారు, గేర్లు అన్నీ కలిస్తే ఆ పైన వచ్చే ఫ్లోరు నడుం దగ్గరికి చేరుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మనం బోగీ అంటే రైలుపెట్టె అనుకుంటాం. ఇంజినీర్ల భాషలో బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం, మలుపు వచ్చినప్పుడు పెట్టెతో సంబంధం లేకుండా తిరిగేది. ఆ చట్రం తిరగాలంటే దాని మీద ఖాళీ కావాలి, ఖాళీ కావాలంటే ఫ్లోరు ఇంకా పైకి పోవాలి. పాత ట్రాములకు మెట్లు ఉండటం కట్టినవాళ్ళ నిర్లక్ష్యం కాదు. 1895లో మద్రాసులో దేశంలోనే మొదటి ఎలక్ట్రిక్ ట్రాము నడిచినప్పటి నుంచి అది 1953 ఏప్రిల్‌లో ఆగిపోయేదాకా, దాన్ని ఎక్కిన తెలుగువాళ్ళూ తమిళులూ ఆ ఇరుసుకు సరిపడా ఎత్తు ఎక్కారు.

1984లో జెనీవా మొదటి మార్గం చూపించింది. మోటార్లున్న చట్రాలను బండి రెండు చివరలకూ తోసేసి, మధ్యలో చిన్న చక్రాలు పెట్టి, బండిలో సగానికి పైగా ఫ్లోరును 48 సెంటీమీటర్లకు దించారు. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్ ఇంకా కిందికి, 34.5 సెంటీమీటర్లకు వచ్చింది. ఆ ఊళ్ళో వికలాంగుల సంఘాలు పట్టుబట్టబట్టే ట్రాము నమూనా మారింది. అక్కడ మధ్య చక్రాల మధ్య ఇరుసు లేదు. చక్రాలను పట్టే దూలాన్ని వంచి ఫ్లోరు కిందుగా దించారు, ఒక్కో చక్రం విడిగా తిరుగుతుంది. చూడటానికి సరికొత్త విద్యలా ఉంది గానీ, సూత్రం మన ఎద్దుబండిదే. గ్రెనోబుల్ ఇంకో పని కూడా చేసింది. తలుపులన్నీ ఆ కింది భాగంలోనే పెట్టి, స్టాపుల దగ్గర నేలను పైకి లేపింది. ఈ రెండో పనే అసలు సంగతి అని నా అభిప్రాయం.

మొత్తం బండినే కిందికి దించాలని పట్టుబట్టినప్పుడు కష్టం మొదలైంది. విడిగా తిరిగే చక్రాలకు ఆ గ్లాసుల తెలివి ఉండదు. అవి మధ్యకు రావు, అంచు పట్టాకు రాసుకుంటూనే పోతుంది. వీధి మూలల్లో ట్రాము తిరిగే మలుపులు చాలా ఇరుకు, ఆ రాపిడి కీచుమని అరుస్తుంది, చక్రమూ పట్టా రెండూ అరుగుతాయి. ప్రయాణికుడి మోకాలి మీది బరువు అలా చక్రం అంచుకు చేరింది. ఒక్కో తయారీదారు దీనికి ఒక్కో దారి వెతికాడు. ప్రాగ్ నగరం కోసం స్కోడా కట్టిన 15టి ట్రాములో పదహారు చక్రాలకు పదహారు మోటార్లు, గేర్లు లేవు, ఒక్కో చక్రం ఎంత తిరగాలో కంప్యూటరు చూసుకుంటుంది. పైగా చట్రాలు పాత పద్ధతిలోనే మలుపుకు తగ్గట్టు తిరుగుతాయి, వాటి మీద ఫ్లోరును ర్యాంపులా కొంచెం పైకి లేపారు. వియన్నా ఇంకా దూరం పోయింది. స్టాపుల్లో ఏమీ కట్టకుండా మామూలు ఫుట్‌పాత్ నుంచే ఎక్కగలగాలని పట్టుబట్టి, నేలకు ఇరవై సెంటీమీటర్లు కూడా లేని ఫ్లోరు కట్టించుకుంది. ప్రపంచంలో అంతకన్నా కిందుగా ఉన్న ట్రాము లేదు. దానికి మామూలు బోగీలే లేవు, పెట్టెల అతుకుల దగ్గర ద్వారబంధాల్లాంటి నిలువు చట్రాలకు చక్రాలు తగిలించారు. అద్భుతమైన పనితనం. అయినా రుమేనియాలోని ఒరాడియా తప్ప వేరే ఊరేదీ దాన్ని కొనలేదు. తర్వాతి దఫాలో వియన్నా కూడా మామూలు తరహా ఫ్లెక్సిటీ ట్రాముల వైపు మళ్ళింది, అవి 2018 డిసెంబరులో రోడ్డెక్కాయి. ఎత్తు మొత్తాన్నీ బండే మోయాలంటే బండికి ఎంత భారమో అది చెబుతుంది.

బరువు పైకప్పుకు చేరినప్పుడు ఏమైందో ఇంకా స్పష్టంగా కనిపించింది. ఫ్లోరు కిందికి వస్తే దాని అడుగున ఉండే యంత్రాలకు చోటుండదు. కరెంటును మార్చే పరికరాలు, బ్రేకుల రెసిస్టర్లు, ఏసీ అన్నీ నెత్తికెక్కుతాయి. సీమెన్స్ సంస్థ 1990ల చివర్లో తెచ్చిన కాంబినో ట్రాము ఇలాంటిదే. తేలికపాటి అల్యూమినియం పెట్టెలు, వాటిలో కొన్నింటికి చక్రాలే లేవు, రెండు పక్క పెట్టెల మధ్య ఉట్టిలా వేలాడతాయి. చక్రాలున్న పెట్టెల్లో చట్రం తిరగదు కాబట్టి, మలుపులోకి పోయినప్పుడు పెట్టె మొత్తం ఒక్కసారిగా తిరగాలి. మెలికలు తిరిగిన పట్టాల మీద ఆ తిప్పుడు లెక్కల్లో అనుకున్నదానికన్నా ఎక్కువ బలంతో పైకప్పు అతుకుల మీద పడింది. 2004 మార్చిలో సంస్థ స్వయంగా ప్రకటించింది, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు దాటిన కాంబినోలను పక్కన పెట్టమని. గోడ పైకప్పును కలిసే చోట్ల పగుళ్ళు రావడమే కారణం. ప్రపంచవ్యాప్తంగా వందల బండ్లను విప్పి బలపరచాల్సి వచ్చింది. ఇందులో లో-ఫ్లోర్ ఆలోచనదే తప్పు అని కొందరన్నారు. నేను ఒప్పుకోను. ఎత్తును తీసేశామనుకున్నారు గానీ అది పైకప్పులోకి వెళ్ళి కూర్చుందని లెక్కలో తక్కువ చూశారు, తప్పు అక్కడ జరిగింది. తర్వాత వచ్చిన నమూనాలు ఆ అతుకులను గట్టిగా కట్టుకున్నాయి, నేటికీ నడుస్తున్నాయి.

ఇప్పుడు తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో రోజూ ఎక్కి దిగే ట్రాముల దగ్గరికి వద్దాం. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో సుమారు 250 కిలోమీటర్ల ట్రాము దారి ఉంది, ప్రపంచంలోనే అతిపెద్ద వాటిలో ఒకటి. అక్కడి ఈ-క్లాస్ ట్రాము 2013 నవంబరు 4న 96వ నంబరు దారిలో మొదటిసారి నడిచింది. ఆ నగర శివారు డాండెనాంగ్‌లోనే కట్టిన బండి అది. మూడు భాగాలు, 33 మీటర్ల పొడవు, సుమారు 210 మంది పడతారు, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్క మెట్టు లేదు. ఇలాంటివి వంద కొన్నారు. బండిగా దానికి వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ 2020లో విక్టోరియా రాష్ట్ర ఆడిటర్ జనరల్ లెక్కలు తీసి చూస్తే, 2018-19లో లో-ఫ్లోర్ ట్రాము వచ్చి, దానికి సరిపడా ఎత్తున్న స్టాపులో ఆగిన సర్వీసులు నూటికి 15 మాత్రమే. మిగతా 85 సార్లు బండో స్టాపో, ఏదో ఒకటి ఎక్కువ తక్కువ అయింది. మెల్‌బోర్న్‌లో చాలా స్టాపులు రోడ్డు మధ్యలో ఉన్న పట్టాలకు ఎదురుగా ఫుట్‌పాత్ మీద పాతిన ఒక స్తంభం మాత్రమే. ట్రాము ఆగితే కార్లు ఆగుతాయి, జనం తారు రోడ్డు మీదికి దిగి, అక్కడి నుంచి బండెక్కుతారు. తారు రోడ్డు మీద నిలబడినవాడికి 30 సెంటీమీటర్ల పైచిలుకు ఫ్లోరు మళ్ళీ మెట్టే, చక్రాల కుర్చీలో ఉన్నవాడికి అది గోడ.

ఆ 15 శాతం ఎలా వస్తుందో చూస్తే మొత్తం విషయం తేటపడుతుంది. ఉదాహరణకు ఒక ఊళ్ళో పది ట్రాముల్లో నాలుగు లో-ఫ్లోరువి, పది స్టాపుల్లో మూడు ఎత్తు కట్టినవి అనుకుందాం. ఏ బండి ఏ స్టాపుకు వస్తుందో చూసుకోకుండా నడిపితే, రెండూ కలిసేది నూటికి పన్నెండు సార్లే. నలభై, ముప్పై కలిస్తే డెబ్భై కాదు, హెచ్చవేస్తే పన్నెండు. పైగా ప్రయాణానికి ఎక్కే చోటు ఒకటుంటే దిగే చోటు ఇంకోటి ఉంటుంది, రెండు చోట్లా కుదిరితేనే మనిషి ఇల్లు చేరతాడు. అందుకే బండ్లను మాత్రమే కొంటూ పోయే ఊరికి ఎంత ఖర్చుపెట్టినా ఫలితం కంటికి ఆనదు. ఆస్ట్రేలియా చట్టం స్టాపులన్నిటినీ 2022 చివరికల్లా, ట్రాములన్నిటినీ 2032 చివరికల్లా అందరికీ అందేలా మార్చమంది. స్టాపుల గడువు దాటిపోయింది. బండి కొనడం కన్నా వీధిని మార్చడం కష్టం. వీధిలో పార్కింగు పోతుంది, దుకాణదారుడు అడ్డం పడతాడు, మురుగు కాలువ జరపాలి. ఫ్యాక్టరీలో కట్టగలిగిన సగం వేగంగా వస్తుంది, ఊళ్ళో కట్టాల్సిన సగం వెనకబడుతుంది.

మన రాష్ట్రాల్లో ఈ లెక్క ఎలా ఉంది? హైదరాబాద్ మెట్రో 2017 నవంబరులో మొదలైంది. ప్లాట్‌ఫారం నుంచి రైల్లోకి నడిచిపోవచ్చు, మెట్టు లేదు. కానీ ఆ ప్లాట్‌ఫారం రోడ్డుకు రెండంతస్తుల పైన ఉంది. ఎత్తు బండి తలుపు దగ్గర నుంచి స్టేషను మెట్ల దగ్గరికి మారింది, దాన్ని ఇప్పుడు లిఫ్టులు, ఎస్కలేటర్లు కరెంటు పెట్టి మోస్తున్నాయి. లిఫ్టు పాడైన రోజు అది తిరిగి మోకాలి మీదికే వస్తుంది. నేల మీద నడిచే లో-ఫ్లోర్ బండ్ల కోసం కేంద్ర గృహ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో మెట్రోలైట్ పేరుతో ప్రమాణాలు ప్రకటించింది. విశాఖపట్నానికి 2020 ప్రాంతంలో లైట్ మెట్రోతో పాటు సుమారు 60 కిలోమీటర్ల మోడరన్ ట్రాము ఆలోచన చేశారు. తర్వాత ముందుకొచ్చిన పథకం స్తంభాల మీది మెట్రోయే. రద్దీ ఎక్కువున్న దారిలో పైనుంచి పోవడం సబబే కావచ్చు. అయితే రెండు దారుల ఖర్చును పోల్చేటప్పుడు ఆ రెండంతస్తుల ఎత్తును ముప్పై ఏళ్ళపాటు మోసే కరెంటునూ, మరమ్మతులనూ, లిఫ్టు దొరకక ఇంట్లోనే ఉండిపోయే మనుషులనూ కూడా ఆ లెక్కలో రాయాలి.

ఇదంతా నగరాల గొడవ, ఉదయగిరి కొండల దారుల్లో లో-ఫ్లోర్ ఎలా నడుస్తుంది అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. వానాకాలంలో వాగు చప్టా మీద నుంచి పారుతుంటే, ఊరి మొదట్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు వేసిన స్పీడ్ బ్రేకరు ఉంటే, 40 సెంటీమీటర్ల ఫ్లోరున్న బస్సు అడుగు నేలకు తగులుతుంది. కేంద్రం నగర బస్సులకు ఇచ్చిన ప్రమాణాల్లో కూడా 400, 650, 900 మిల్లీమీటర్లు అని మూడు ఎత్తులు ఉన్నాయి. మన పల్లె దారులకు మొదటిది పనికిరాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ అంతటితో మాట అయిపోదు. బండి దిగలేకపోతే నేల లేవాలి. మన బస్టాండుల్లో ప్లాట్‌ఫారాలు ఉన్నాయి, చాలాచోట్ల అడుగు ఎత్తు కూడా ఉంది. కానీ బస్సు ముక్కు దానికి ఆనించి నిలబెడతారు. తలుపు ఎడమ పక్కన ఉంటుంది. జనం ప్లాట్‌ఫారం దిగి, బస్సుకూ బస్సుకూ మధ్య సందులోకి పోయి, నేల మట్టం నుంచి మొదటి మెట్టు ఎక్కుతారు. కట్టిన ఎత్తు మొత్తం వృథా. అదే ప్లాట్‌ఫారం అంచును రంపపు పళ్ళలా ఏటవాలుగా కట్టి, బస్సు ఎడమ పక్క దానికి ఆనేలా నిలిపితే, బస్సులో ఒక్క బోల్టు మార్చకుండానే ఒక మెట్టు తగ్గుతుంది. ఇది కొత్త కల్పన కాదు, చాలా దేశాల బస్టాండుల్లో వాడుకలో ఉన్న పద్ధతే.

ఖర్చు సంగతి ఇంకో అభ్యంతరం. లో-ఫ్లోర్ బస్సు ధర ఎక్కువ, చక్రాల మీద వచ్చే దిమ్మెల వల్ల కొన్ని సీట్లు పోతాయి, నిజమే. దీనికి ఎదురుగా కాలం ఉంది. మెట్లు లేని బస్సులో జనం ఎక్కడానికి పట్టే సమయం సుమారు ఐదో వంతు తగ్గుతుందని అమెరికా రవాణా ఇంజినీర్ల ప్రామాణిక గ్రంథం లెక్కగట్టింది. స్త్రీశక్తి వచ్చాక మన బస్సుల్లో ఎక్కేవాళ్ళ సంఖ్యతో పాటు స్టాపులో ఆగే సమయమూ పెరుగుతుంది కాబట్టి, ఆ ఐదో వంతు మనకు మునుపటికన్నా విలువైనది. ఇక, చక్రాల కుర్చీలో బస్సెక్కేవాళ్ళు ఎక్కడ కనబడుతున్నారు అనే ప్రశ్న ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది వికలాంగులున్నారు. బస్టాండులో కనబడకపోవడానికి కారణం వాళ్ళు లేకపోవడం కాదు, మనం మాట్లాడుకుంటున్న మెట్టే. పైగా మెట్టు తగ్గితే బాగుపడేది వాళ్ళొక్కరే కాదు. నెత్తిన గంపతో వచ్చే మనిషి, కడుపుతో ఉన్న అమ్మాయి, చంకలో బిడ్డ ఉన్న తల్లి, కాలు విరిగి కట్టుతో ఉన్న కుర్రవాడు అందరూ ఆ మెట్టు దగ్గరే ఆగుతారు.

చట్టం కూడా ఇటువైపే జరుగుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం రవాణాను అందరికీ అందేలా చెయ్యమంది గానీ, కింది నిబంధనలు సలహాల్లా మిగిలాయి. హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం చేసిన అధ్యయనాన్ని ఆధారం చేసుకుని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, సలహాలు చాలవు, తప్పనిసరి ప్రమాణాలు పెట్టండి అని కేంద్రాన్ని ఆదేశించింది. అంతకు మూడు నెలల ముందే, వికలాంగులు ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడిన మీదట, చెన్నైలో కొత్త లో-ఫ్లోర్ సిటీ బస్సులు రోడ్డెక్కాయి. స్టాపులో ఆగినప్పుడు ఆ బస్సు గాలి స్ప్రింగుల్లో గాలి వదిలి, ఎడమ పక్కకు కొంచెం ఒంగుతుంది.

కేంద్రం ఎలక్ట్రిక్ బస్సుల పథకంలో నెల్లూరు పేరు కూడా ఉంది. ఆ బస్సులు వచ్చినప్పుడు ట్రాము ఇంజినీర్లు ఎదుర్కొన్న చిక్కే కొత్త వేషంలో వస్తుంది. బ్యాటరీలు ఎక్కడ పెట్టాలి? ఫ్లోరు కింద పెడితే ఫ్లోరు లేస్తుంది, మెట్లు తిరిగొస్తాయి. నెత్తిన పెడితే కాంబినో పైకప్పు అతుకులను గుర్తుచేసుకోవాలి. వెనక పెడితే సీట్లు పోతాయి. టెండరు పత్రంలో ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని సీట్లు అనే అంకెల పక్కన, ఏ స్టాపులో ఎంత ఎత్తు ప్లాట్‌ఫారానికి ఈ తలుపు ఆనాలి అనే అంకె కూడా ఉండాలి. బస్సులు వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఆత్మకూరు బస్టాండులో ఇప్పుడే ఉంది. ప్లాట్‌ఫారం అంచును ఏటవాలుగా తిప్పి కట్టడానికి కావలసింది సిమెంటు, కంకర, నలుగురు తాపీమేస్త్రీలు, వారం రోజులపాటు బస్సులను పక్కకు నిలిపే ఓపిక.